అడుగుకు అంగుళం: బొమ్మలాట అన్న పెద్దలకు నా జవాబు



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో నేను పెట్టిన ప్రతిపాదన రెండు నిమిషాల్లో పక్కకు పోయింది. మేడ మీద గదిలో ఆదివారం తెలుగు తరగతి అయినాక, గంటన్నర సేపు బిడ్డల చేత మోటారుసైకిల్ మోడల్ కిట్లు కట్టిద్దామన్నా. రెండు మేజాలు, ఒక మంచి దీపం, నాలుగు కిట్లు. అంతే అడిగింది. ఒక పెద్దాయన నవ్వి, "ఏమప్పా, మనం సంఘం పెట్టుకున్నది భాష కోసరమా, బొమ్మలాడుకునేదానికా?" అన్నారు. అందరూ నవ్వినారు. ఆయన వయసుకు మర్యాదిచ్చి నేనూ నవ్వినా. ఇంటికొచ్చినాక మాత్రం నవ్వు రాలేదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పొడుగైతే మన్నించండి. చదవకుండా లైకు మాత్రం కొట్టొద్దు.

ముందు వస్తువేందో తేల్చుకుందాం. మీలో చాలామంది మనసులో ఉన్నది అంగట్లో అద్దాల వెనక పెట్టి అమ్మే రెడీమేడ్ బండి. అది కొనుక్కొచ్చి టీవీ పక్కన పెడతారు, దుమ్ము పడతాది. కిట్ అట్లాంటిది కాదు. పెట్టె తెరిస్తే లోపల బండి ఉండదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని చిన్నా పెద్దా ముక్కలుంటాయి, రబ్బరు టైర్లుంటాయి, నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లుంటాయి, బొమ్మలతో ఒక కాగితముంటాది. నేను కట్టింది టమియా వాళ్ల సుజుకి కటానా. 1981లో వచ్చిన బండి, నాలుగు సిలిండర్ల ఇంజను. కిట్ 1/12 స్కేలు. మన వడ్రంగులకు ఈ లెక్క చెప్పే పనే లేదు: అడుగుకు అంగుళం. అసలు బండిలో అడుగున్నది మన మేజా మీద అంగుళం అవుతాది.

ఈ లెక్క ఒక్కటి పట్టుకుంటే చాలు, బిడ్డ చూపు మారిపోతాది. మన హోసూరులో తయారయ్యే అపాచీ ఆర్‌ఆర్ 310ను తీసుకోండి. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా 1365 మిల్లీమీటర్లు. 12తో భాగిస్తే 114. ముందు బ్రేకు డిస్కు 300, అంటే ఇక్కడ 25. ప్లగ్గు వైరు 7 మిల్లీమీటర్ల లావనుకుంటే 0.6 కూడా ఉండకూడదు. ఆ వైరు ఎక్కడ దొరుకుతాది? మోటారు వైండింగు అంగడికి పోయి తుక్కు రాగి తీగ అడిగితే ఊరికే ఇస్తారు. నల్ల రంగు పూసి, ఇంజను తల మీద సూదంత బెజ్జం వేసి దిగేస్తే, అప్పటిదాకా ప్లాస్టిక్ ముద్దలాగుండే ఇంజనుకు ప్రాణమొస్తాది. డీటెయిలింగ్ అంటే ఇదే. ఖర్చు పెట్టి కొనేది తక్కువ, కళ్లు పెట్టి చూసేది ఎక్కువ.

ఇంక పని చూడండి. ముక్కను చట్రం నుంచి కత్తిరిస్తే కాడ మిగులుతాది, దాన్ని గీకాల. సైలెన్సరు చాలా కిట్లలో రెండు బద్దలుగా వస్తాది. అతికిస్తే నడుమ గీత కనిపిస్తాది. ఆ గీతలో పుట్టీ కూరి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్నటి కాగితం దాకా రుద్దుకుంటా రావాల. తొందరపడి ఆరకముందే రుద్దితే పుట్టీ లోపలికి కుంగుతాది, రంగేసినాక గీత మళ్లీ పైకి తేలతాది. నా మొదటి సైలెన్సరు మూడుసార్లు గీకి మళ్లీ మొదలుపెట్టినా. ట్యాంకుకు మందంగా ఒక్క పూత వేస్తే జారి బొట్టు కడతాది. నాలుగు పలచటి పూతలు వేసి, పూతకూ పూతకూ నడుమ ఆగాల. ఆ ఆగడమే కష్టం. ఫోను పట్టుకొని పెరిగే బిడ్డలకు "రేపటిదాకా ముట్టుకోవద్దు" అని చెప్పే పని ఇంకేదన్నా ఉంటే నాకు చూపించండి.

ఈ పుట్టీ మాట విని "ఇది జపాను వాళ్ల విద్య, మనకెందుకు" అన్న అన్నకు ఒక మాట. కొండపల్లి బొమ్మ ఎట్ల చేస్తారో ఎప్పుడన్నా చూసినారా? తెల్ల పొణికి చెక్కతో కాళ్లు వేరుగా, చేతులు వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకులు మక్కుతోనే పూడ్చి, ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత వేసి, ఆ పైన రంగు. ముక్కలు, అతుకు, మక్కు, సాన, అడుగు పూత, రంగు. నేను సైలెన్సరు మీద చేసిన పని వరుస ఇదే. ఉగాది నాడు వేదిక మీద కొండపల్లి బొమ్మను చూపించి మన వారసత్వం అని చప్పట్లు కొట్టించుకున్నది మనమే. దాన్ని చేసే చేతిపనిని మన బిడ్డలకు నేర్పిద్దామంటే బొమ్మలాట అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. భాష.

2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి పైకెక్కి, 2015-16లో పదో తరగతికి చేరింది. అర్జీలు, కోర్టులు, మినహాయింపులు, ఆ కథ మీకందరికీ తెలుసు. అందులో నడిచినోళ్లు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్లకు దండం. తమిళం నేర్చుకోవద్దని నేననను, ఈ నేల మీద బతికేటోళ్లకు అది కావాల. కానీ బడిలో తెలుగు సన్నగిల్లినాక బిడ్డకు తెలుగు దొరికేది ఇంట్లోనూ, మన ఆదివారం తరగతిలోనూ. ఆ తరగతిలో మనం చేయించేదేంది? అక్షరాలు, పద్యాలు, ఉగాదికి ఒక ఉపన్యాసం. మంచిదే. కానీ ఆరో తరగతి దాటిన మగపిల్లలు ఎందరు మిగిలినారో హాజరు పుస్తకం తీసి చూడండి. నేను చూసినా. అంకె ఇక్కడ రాయను, మన పరువే పోతాది.

ఆ మానేసినోళ్లలో ఒక పిల్లోడున్నాడు. వాళ్ల నాయన బండ్ల ఫ్యాక్టరీలో ఇంజను అసెంబ్లీ లైనులో పని. తరగతిలో నోరు తెరిచేవాడు కాదు, ఋ రాయమంటే చెమటలు పట్టేవి. ఒకనాడు మా ఇంటికొచ్చి కటానా కడుతుంటే పక్కన కూర్చున్నాడు. నేను క్లచ్ కేబులును హ్యాండిలు కింద నుంచి చటుక్కున మడిచి లోపలికి తోసినా. వాడు ఆపినాడు.

"అట్ల కాదన్నా. వంపు పెద్దగా ఇయ్యల్ల. అట్ల మడిస్తే లోపల తీగ ఒరుసుకొని పీచులు లేచి తెగిపోతాది."

"ఎవురు చెప్పినార్రా?"

"మా నాయన. హ్యాండిలు ఆ పక్కకి తిప్పి చూడు, కేబులు బిగుసుకుంటా ఉండాది. వదులు ఇడువు."

గంట సేపు మాట్లాడినాడు. ఒరుసుకోవడం, పట్టేయడం, జారడం, బిగించడం, వదలడం, పొసగడం, అరగడం. పేర్లు సగం ఇంగ్లీషే. క్లచ్, కేబులు, గేరు. ఉండనీయండి, వాటికి తెలుగు పుట్టించమని నేనడగను. అట్ల పుట్టించిన మాటలు పలికేటోడు ఎవుడూ లేడు. కానీ పనిమాటలన్నీ తెలుగు. చక్రం దగ్గరికొచ్చేసరికి పేర్లూ దొరికినాయి. స్పోకును వాడు స్పోకనే అన్నాడు, మా తాత బండిచక్రానికి దాన్నే ఆకు అంటుండె అని చెప్తే వాడికి భలే నచ్చింది. ఇరుసు, సీల వాడికి ముందే తెలుసు. ఈ తెలుగు మన పాఠ్యపుస్తకంలో లేదు. వాళ్ల నాయన నోట్లో ఉంది. ఆయన పనిలో ఉన్నంతకాలం ఉంటాది. దాన్ని కొడుకు నోటికి అందించే జాగా ఏది? మన తరగతి అయితే కాదు, అక్కడ వాడు మొద్దు.

మనం భాషను శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెట్టినాం. అది పని చేసే చోట నుంచి లేపేసినాం. నా కోపమంతా ఇదే.

జపాను సంగతి ఎత్తినారు కాబట్టి అదీ చెప్తా. హోండా పుట్టింది హమామత్సులో. సుజుకి ఊరూ అదే. యమహా బండ్ల కంపెనీ పక్కనే ఇవాతాలో. ఈ ఊర్లన్నీ షిజుఓకా అనే ఒకే ప్రాంతంలో ఉన్నాయి. టమియా ఎక్కడిదనుకున్నారు? అదే షిజుఓకా. 1946లో కట్టెల వ్యాపారంగా మొదలై, చెక్క మోడళ్లు చేసి, 1960లో ప్లాస్టిక్ కిట్లకొచ్చింది. హసెగావా, అఓషిమా, ఫుజిమీ కూడా ఆ చుట్టుపక్కలవే. నిజం బండి చేసే చోటే చిన్న బండి కూడా చేస్తారు. ఇంక మన ఊరు. 1980లో టీవీఎస్ 50 ఇక్కడి నుంచి బయటికొచ్చింది. 1984లో ఆ షిజుఓకా సుజుకితోనే చేయి కలిపి ఇండ్-సుజుకి బండ్లు ఇక్కడ కట్టినారు, 2001 దాకా ఆ పొత్తు నడిచింది. బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ ఇక్కడే తయారై దేశాలు పోయింది. ఏథర్ ఇక్కడుంది, ఓలా మన జిల్లా పోచంపల్లిలో ఉంది. ఇన్ని బండ్లు కట్టే ఊర్లో, బండి కట్టేటోళ్ల బిడ్డ చిన్న బండి ఒకటి కట్టుకునే మేజా లేదు. కటానా పెట్టె తెప్పించుకోగలిగినా. టీవీఎస్ 50 పెట్టె వెతికి వెతికి వేసారినా.

"ఆడపిల్లలకు ఇదేం పనికొస్తాది" అని ఒక అక్క అడిగినారు. అక్కా, ఆ ఓలా ఫ్యాక్టరీని ఆడవాళ్లే నడుపుతారని కంపెనీ 2021లో ప్రకటించింది. మన ఊర్ల నుంచి తెల్లారి బస్సెక్కి ఫ్యాక్టరీలకు పోయే ఆడబిడ్డలను మీరు రోజూ చూస్తున్నారు. స్క్రూ బిగించడం వాళ్లకు జీతం. ఆదివారం నేర్చుకుంటే తప్పేంది?

ఖర్చు మాటకు జవాబు సులువు. మంచి కిట్ ఒకటి దిగుమతి, రవాణా కలిసి వేలల్లోనే ఉంటాది, దాచను. కానీ మన వార్షికోత్సవానికి కొన్న శాలువాలు, షీల్డులు, ఫ్లెక్సీల బిల్లు కోశాధికారి గారి దగ్గరుంది. అందులో మూడో వంతు చాలు. ఆ ఫ్లెక్సీలో నా ఫొటో కూడా ఉండె. అది తీసేస్తే కొంత మిగిలేది.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తలవంచుతా. జిగురు, లక్కర్ రంగుల వాసన పసిబిడ్డలకు మంచిది కాదు, కత్తి తెగుతాది. నిజమే. అందుకే కిటికీలున్న గది అడిగినా. నీళ్లతో కలిపే రంగులే వాడదాం. పదేండ్ల లోపు వాళ్లకు కత్తి ఇవ్వం, రుద్దుడు పని ఇద్దాం. పెద్దోడొకడు ఎప్పుడూ పక్కనుండాల. ఇది అడిగిన తమ్ముడు వస్తువు గురించి ఆలోచించి అడిగినాడు. మిగతా వాళ్లు నవ్వి ఊరుకున్నారు.

కిట్లు కొనడానికి మనసొప్పకపోతే వద్దు. ఇంకో దారి చెప్తా. మన ఊర్లలో చాలా వాకిళ్లలో పాత టీవీఎస్ ఎక్స్ఎల్ ఒకటి ఉంటాది, గడ్డిమోపులు, పాలక్యాన్లు మోసి మోసి రంగు పోయింది. దాన్ని సంఘం ముందు నిలబెడదాం. బిడ్డలు టేపు పట్టుకొని కొలవాల. చక్రమెంత, సీటెంత, హ్యాండిలు నేల నుంచి ఎంత ఎత్తు. కొలిచింది తెలుగులో రాయాల, 12తో భాగించాల. అట్ట, ప్లాస్టిక్ షీటు, రాగి తీగ, పాత పెన్నుల గొట్టాలు. తాత వచ్చి పక్కన నిలబడి ఈ గీత ఎట్ల పడింది, ఈ సొట్ట ఎక్కడ పడింది చెప్తాడు. ఆ సొట్ట కూడా మోడల్లో దించాల. పెట్టెలో దొరకని మన ఊరి బండి అట్ల మన చేత్తోనే వస్తాది.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం పది గంటలకు. నా ప్రతిపాదన మళ్లీ పెడుతున్నా, ఈసారి చేతులెత్తించి లెక్క రాయమని కార్యదర్శి గారికి మనవి. నా దగ్గర తెరవని సుజుకి ఆర్‌జీవీ గామా పెట్టె ఒకటుంది, సంఘానికి ఇస్తా. ఆ పిల్లోడు వాళ్ల నాయనను తోడుకొస్తానన్నాడు. ఎక్స్ఎల్ ఎవరిదన్నా తోలుకురండి. కొలిచే టేపు కూడా తేవాల, నాది వాడు ఎత్తుకుపోయినాడు.