పదాల పుట్టుక: 'ఎర్రర్'

ఆంగ్ల పదాల పుట్టుపూర్వోత్తరాలను పరిశీలించే ఈ శీర్షికలో ఈ పర్యాయం గనిలోను, కార్యాలయంలోను నిత్యం వినవచ్చే 'ఎర్రర్' అనే పదాన్ని స్వీకరిస్తున్నాము.

దీనికి మూలం లాటిన్ భాషలోని 'ఎర్రారె'. దారి విడిచి తిరుగాడుట అని దాని అర్థం. మన 'తప్పు' కూడా ఇదే త్రోవన నడిచింది. దారి తప్పింది, గురి తప్పింది, బండి పట్టాలు తప్పింది అంటాము. పరస్పర సంబంధం లేని రెండు భాషలు ఒకే పోలికను ఎన్నుకొనడం విశేషం. సంధి ప్రేలాపనకు వైద్యులు వాడే 'డెలీరియం' కూడా ఇట్టిదే. నాగలి చాలు విడిచిపోవడం దాని మూలార్థం. ఎద్దు మూపురం పేరు దాల్చిన బైలడిలా కొండల నీడలో కిరండూల్‌లో నివసించే మనకు ఈ పోలిక సులభంగానే బోధపడుతుంది.

'మిస్టేక్' వేరు. ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చిన ఈ పదానికి ఒకటి బదులు మరొకటి గ్రహించుట అని అర్థం. సర్వే శాస్త్రం ఈ భేదాన్ని నేటికీ పాటిస్తున్నది. స్టాఫ్ మీద 1.36ను 1.63గా చదివితే అది మిస్టేక్. ఎండకు ఉక్కు టేపు సాగి కొలత తగ్గితే అది ఎర్రర్. దానిని లెక్కకట్టి సవరించవచ్చు. ఎంత జాగ్రత్తపడినా మిగిలే స్వల్పభేదాలూ ఎర్రర్లే. సాధారణ లెవలింగులో 4 కిలోమీటర్లు తిరిగి బయలుదేరిన చోటికే చేరినప్పుడు 48 మిల్లీమీటర్ల వరకు తేడాను శాస్త్రమే అనుమతిస్తుంది. ఎంత దారి తప్పామో తెలియాలంటే మొదటి చోటికి తిరిగి రావలసిందే.

తెలుగు 'తప్పు'కు మరొక అర్థమున్నది. పల్లెల్లో 'తప్పు వేశారు' అంటే జరిమానా విధించారని. ఈ రెండవ అర్థమే మనసులో మెదిలినంత కాలం మనిషి తన పొరపాటును దాచజూస్తాడు. సడలిన బోల్టును, తృటిలో తప్పిన ప్రమాదాన్ని ఎవరికీ చెప్పడు. గనిలో ఆ మౌనం మరొకరి ప్రాణానికి ముప్పు.

సర్వేయరు ఫీల్డు బుక్కులో తప్పు అంకెను చెరిపివేయరాదు. దానిపై అడ్డగీత గీసి, సరియైన అంకెను పైన వ్రాయాలి. తప్పూ కనబడాలి, దిద్దుబాటూ కనబడాలి. షిఫ్టు లాగ్ బుక్కుకూ, ఇంటిలో పిల్లవాని లెక్కల పుస్తకానికీ ఈ నియమమే శ్రేయస్కరం.

వచ్చే సంచికలో మరొక పదంతో కలుసుకుందాము.