కాలిన ఇంటికి రేకులు సరే, వేడి సంగతేమిటి?

ఫాల్గుణం దాటి ఎండలు ముదిరితే శ్రీకాకుళం జిల్లా పల్లెలలో పూరిళ్ళవారికి కంటి మీద కునుకుండదు. మందస, మెళియాపుట్టి, పాతపట్నం ప్రాంతాలలో కొండవాలున పోడుకు పెట్టిన నిప్పు గాలివాటున దిగువకు పాకుతుంది. ఉద్దానంలో జీడితోటల కింద రాలిన ఆకు పోగుచేసి తగలబెడితే రవ్వ లేచి పక్కనున్న కొంప మీద పడుతుంది. కరెంటు తీగల రాపిడి, ఆర్పకుండా వదిలిన పొయ్యి, ఇప్పుడు వీటికి తోడు గ్యాసు బండ. ఇక్కడి ఊళ్ళలో ఇళ్ళు వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనుకొని, చూరుకు చూరు కలిసి వుంటాయి. సవర గూడేలలోనూ అంతే. అందుచేత ఒక కప్పు అంటుకుంటే ఆ వరస అంతా పోతుంది. ఫైరింజను వచ్చేసరికి మిగిలేవి గోడలే.

తరువాత జరిగేది అందరూ ఎరిగినదే. తహసీల్దారు వస్తారు, పంచనామా జరుగుతుంది, బియ్యం, దుప్పట్లు ఇస్తారు. విపత్తు సహాయ నిధికి 2022లో కేంద్రం ఖరారు చేసిన నిబంధనల ప్రకారం పూర్తిగా కాలిన గుడిసెకు ఇచ్చేది 8 వేల రూపాయలు. అదే ఇల్లు అని రాస్తే మైదానంలో 1 లక్షా 20 వేలు. ఏది గుడిసె, ఏది ఇల్లు అన్న నిర్ణయం కాగితం రాసే చేతిలో వుంటుంది. దీనిమీదనే ఒక వ్యాసం రాయవచ్చు. ప్రస్తుతానికి దానిని పక్కన పెడదాం. ఆలస్యంగానైనా, అప్పు చేసైనా, కాలినవారిలో చాలామంది మళ్ళీ ఇల్లు లేపుతున్నారు. ఈసారి తాటాకు కాదు, కొబ్బరాకు కాదు, ఇనుప పైపుల మీద రేకులు. ‘ఇక నిప్పు భయం లేదు’ అని ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ భయం నిజంగా పోయిందా అన్నది చూడాలంటే రెండో వేసవిలో ఆ వీధికి వెళ్ళాలి. రేకుల మీద కొబ్బరి మట్టలు పరచి వుంటాయి. కొన్నింటి మీద వరిగడ్డి కట్టలు. చంటిపిల్లలున్న ఇంట రేకుల కింద పాత చీరలు, గోనెపట్టాలు, ఎన్నికల నాటి ఫ్లెక్సీ గుడ్డలు కట్టి వుంటాయి. ముంగిట్లో మళ్ళీ తాటాకు పందిరి, ఆ పందిరి పక్కింటి పందిరితో కలిసి వుంటుంది. అంటే కాలిన కప్పు పోయి కాలని కప్పు వచ్చింది గాని, దాని మీదికీ కిందికీ కాలే సరుకు తిరిగి వచ్చింది.

ఇందుకు జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. మిట్టమధ్యాహ్నం రేకుల కింద ఒక గంట కూర్చుంటే ఎవరికైనా సంగతి బోధపడుతుంది. తాటాకు ఇల్లు చల్లగా వుండటానికి ఆకు ఒక్కటే కారణం కాదు, ఆకుల పొరల మధ్య చిక్కి కదలకుండా వున్న గాలి ముఖ్య కారణం. గాలి వేడిని అంత తొందరగా దాటనివ్వదు. రేకుకు ఆ పొరలు లేవు. పైన ఎండ పడగానే కాగి, ఆ వేడిని కిందనున్నవారి నెత్తిన కుమ్మరిస్తుంది. 2015 మే నెలలో వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో మంచాన వున్నవారు ఎందరో ఉన్నారు. ఆ జబ్బుకు మూలం ఏమిటో ఇంకా తేలకపోయినా, ఒంట్లో నీరు ఇంకిపోవటం ఆ రోగికి చేటు అని ఏ డాక్టరైనా చెబుతాడు. అటువంటి మనిషిని పగలంతా రేకుల కింద పడుకోబెట్టి, పైన గడ్డి వేయవద్దని చెప్పటం ఎవరి తరం? ఎప్పుడో వచ్చే నిప్పుకంటే ఈ పూట ఎండ దగ్గరి శత్రువు.

కాబట్టి నిప్పుకు తట్టుకునే ఇల్లు ఇవ్వదలచుకున్నవారు ఎండకు తట్టుకునే ఏర్పాటు కూడా దానితోనే ఇవ్వాలి. ఇవి రెండు పనులు కావు, ఒకే పని. రెండోది వదిలేస్తే మొదటిదాని మీద పెట్టిన డబ్బు కొబ్బరి మట్టల పాలవుతుంది.

చేతిలో నాలుగు డబ్బులు ఆడేవారు ఈమధ్య రేకుల కింద థర్మోకోల్ అట్టలు కొట్టిస్తున్నారు. తేలిక, చవక, తెల్లగా చూడముచ్చటగా వుంటుంది, వేడి ఆపుతుంది కూడా. దానికి కారణం తాటాకులో వున్నదే, లోపల చిక్కిన గాలి. కాని మామూలు థర్మోకోల్ నిప్పు తగిలితే కరిగి, మండుతూ చుక్కలు చుక్కలుగా కింద పడుతుంది. దాని నల్లటి పొగ పీల్చిన మనిషి తలుపుదాకా రాలేడు. తాటాకు మండితే పరుగెత్తటానికి ఒక నిమిషం దొరుకుతుందేమో, తలుపులు మూసిన చిన్న గదిలో ఈ పొగకు అదీ దొరకదు. లండన్ నగరంలో గ్రెన్‌ఫెల్ అనే 24 అంతస్తుల భవనానికి బాగుచేత పేరుతో బయటి గోడల మీద తాపడం చేశారు. చలి ఆపటానికి ఒక నురుగు అట్ట, దానిపైన నడుమ ప్లాస్టిక్ వున్న అల్యూమినియం రేకు. 2017 జూన్ 14 రాత్రి ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట ఆ తాపడానికి అంటుకుని భవనమంతా ఎగబాకింది. 72 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ చలికి, ఇక్కడ ఎండకు. అడ్డుపెట్టే వస్తువు మండేదైతే జరిగేది ఒకటే. థర్మోకోల్ అమ్మే దుకాణదారు ఈ మాట చెప్పడు. ఇంటి బిల్లు రాసే ఇంజనీరు చెప్పాలి.

మండని అడ్డు ఏదన్నది వెతకటానికి దూరం పోనక్కరలేదు. మట్టి అటక తెలియని ఊరు ఈ ప్రాంతంలో లేదు. గోడ నుంచి గోడకు తాటి దూలాలు, వాటి మీద వెదురు తడక, దాని మీద గడ్డిముక్కలు కలిపి తొక్కిన మట్టి రెండంగుళాలు, పైన పేడ అలుకు. తడక అడుగున కూడా మట్టి మెత్తాలి. లేకపోతే కింద పొయ్యి మంట వెదురును పట్టుకుంటుంది. ఈ అటకకూ రేకుకూ నడుమ చూరు దగ్గర జానెడు, నడికొప్పు దగ్గర మనిషి వంగి దూరేంత ఖాళీ వదలాలి. రేకు కాగినా ఆ వేడి ఖాళీలో వుంటుంది, మట్టిని దాటి కిందికి దిగేసరికి పొద్దు వాలుతుంది. ఖాళీలో చేరిన వేడిగాలి పోవటానికి రెండు పక్కగోడల త్రికోణాలలో కన్నాలుండాలి. గాలి ఆడని అటక పొయ్యి మీద బాణలి వంటిదే.

ఆ కన్నాల దగ్గరే ఒక జాగ్రత్త వున్నది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు పారడైజ్ పట్టణం 2018 నవంబరు 8న అడవి మంటకు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది, 85 మంది చనిపోయారు. అటువంటి మంటలలో చాలా ఇళ్ళకు నిప్పు అంటేది మంట ఎదురుగా వచ్చి కాదు, గాలికి కొట్టుకువచ్చిన రవ్వలు అటక కన్నాలలోంచి దూరి. అందుకే అక్కడ 2008 నుంచి అడవి మంటల ప్రాంతాలలో కొత్తగా కట్టే ఇళ్ళ కన్నాలకు రవ్వలు దూరని ఏర్పాటు వుండాలని నిబంధన పెట్టారు. పోడు రవ్వలు ఎగిరివచ్చే కొండదాపు ఊళ్ళకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఎనిమిదో వంతు అంగుళానికి మించని కన్నాల ఇనుప జల్లెడ బిగిస్తే చాలు. నైలాను దోమతెర పనికిరాదు, అది రవ్వకే కరిగిపోతుంది. ఇనుప జల్లెడకు పాము, ఎలుక దూరకపోవటం అదనపు లాభం.

రేకుల పైన తెల్ల సున్నం పూత కూడా వేడిని బాగా తగ్గిస్తుంది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వాన దానిని కడిగేస్తుంది గనుక ఏటా మాఘంలో ఒకసారి వేసుకోవాలి. స్లాబు ఇళ్ళవారికీ ఇది మంచిదే, స్లాబు పగలు తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. సిమెంటు రేకుల సంగతి వేరుగా చెప్పాలి. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకు మంటకు పెళ్ళున పగిలి ముక్కలు ఎగజిమ్ముతుంది, దాని ధూళి ఊపిరితిత్తుల కాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. కాలిన ఇంటి సిమెంటు రేకు ముక్కలను దంచి పునాదిలో పోయటం, పిల్లలచేత ఏరించటం మానాలి.

మట్టి అటకకు అభ్యంతరాలు లేకపోలేదు. చెద పడుతుందంటారు. వెదురును కొన్నాళ్ళు నీటిలో నానబెట్టి వాడటం పెద్దలు చేసిన పనే, అయినా ఏటా చూసుకోక తప్పదు. బరువు అంటారు. ఇది నిజమైన అభ్యంతరం. రేకులు మోసే సన్నని ఇనుప పైపులకు మట్టి అటకను వేలాడదీస్తే ప్రాణం మీదికి వస్తుంది. దూలాలు గోడల మీదనే కూర్చోవాలి, గోడ అందుకు తగినదై వుండాలి. అలా కూర్చున్న అటక తుఫానుకూ పనికివస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజున రేకులు కాగితాలలా ఎగిరిపోవటం ఉద్దానం చూసింది. రేకు పోయినా తలమీద ఏదో ఒకటి మిగలటం చిన్న సంగతి కాదు. మట్టి వద్దనుకునే స్తోమతు గలవారికి రాతిని కరిగించి దూదిలా తీసిన రాక్‌వూల్ పరుపులు, వాటి కింద సిమెంటు అట్టలు బజారులో వున్నాయి. అవీ మండవు.

అసలు అడ్డంకి ఇంజనీరు పుస్తకంలో వున్నది. పక్కా ఇంటికి బిల్లులు పునాదికి, గోడలకు, కప్పుకు ఇలా దశలవారీగా వస్తాయి. 2016లో మొదలైన కేంద్ర గ్రామీణ గృహ పథకంలో మైదానానికి 1 లక్షా 20 వేలు, కొండప్రాంతానికి 1 లక్షా 30 వేలు, ఇల్లు 25 చదరపు మీటర్లకు తగ్గరాదు అని లెక్క కట్టారు. ఆ దశలలో అటక అనే మాట లేదు. మట్టి అనగానే అది కచ్చా పని అంటారు. లేని పద్దుకు పేదవాడు సొంత డబ్బు ఎక్కడనుంచి తెస్తాడు? తెచ్చేది కొబ్బరి మట్టలే, అవి తోటలో ఊరికే దొరుకుతాయి.

గృహనిర్మాణ శాఖవారు కాలిన ఊళ్ళవరకైనా అటకను, కన్నాల జల్లెడను, సున్నం పూతను అంచనాలో ఒక పద్దుగా చేర్చాలి. ఉపాధి హామీ కూలిని ఇంటి పనికి ఇవ్వటం ఇప్పటికే ఆచారంలో వున్నది, మట్టి తొక్కే పనికి అది సరిగ్గా సరిపోతుంది. పంచాయతీలు తమవంతుగా రేకుల మీద గడ్డి వేయకుండా చూడాలి, కాని అటక పడిన ఇళ్ళకు మాత్రమే ఆ మాట చెప్పే హక్కు వారికి వుంటుంది. వరసలో పది ఇళ్ళకు అటక వేసి రెండిళ్ళు వదిలితే ఆ రెండింటి మట్టలే తక్కిన పదింటికీ ముప్పు. ఇస్తే వరస మొత్తానికీ ఇవ్వాలి.

వేసవిలో కాలిన ఇళ్ళకు అంచనాలు తయారయ్యేది వానలకు ముందే. ఆ కాగితాలు మండలం దాటకముందే అటక పద్దు వాటిలోకి ఎక్కాలి. గోడలు లేచి, పైపులు బిగించి, రేకులు పడ్డాక దూలానికి గోడలో గూడు తొలవాలంటే తాపీమేస్త్రి రెండింతల కూలి అడుగుతాడు, గోడ కూడా బీటలిస్తుంది.