గీత మీద నిలబడితే సున్నా రాలేదు

పిల్లలూ,

మీ ఇంటికి పొరుగూరి స్నేహితుడు వస్తే మీరేం చేస్తారు? అమ్మ ఫలహారం పెట్టగానే, "రారా, మా ఊరు చూపిస్తాను" అని బయలుదేరదీస్తారు. చెరువూ, కోవెలా, రైలు స్టేషనూ చూపిస్తారు. అప్పుడొక తమాషా జరుగుతుంది. వచ్చినవాడు, "ఈ చెరువు ఎవరు తవ్వించారు?" అని అడుగుతాడు. రోజూ ఆ గట్టు మీదే నడిచే మీకు జవాబు తెలియదు!

నాకు కూడా ఒకసారి అట్లాగే అయింది. అయితే అది మన దేశంలో కాదు, లండను నగరంలో. ఆ కథ ఈ నెల చెబుతాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. మేష్టర్లు కూడా తప్పులు చేస్తారని మీకు తెలియటం మంచిదే.

2019లో నేను అయిదు నెలలపాటు లండనులో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఇల్లు థేమ్సు నదికి దక్షిణపు వైపున, వూలిచ్ అనే పేటలో. అక్కడి నుంచి గ్రీనిచ్ ఎంతో దూరం లేదు, సిటీబస్సులో పోయిరావచ్చు. ముప్ఫై ఏళ్ళ పాటు నల్లబల్ల మీద గుండ్రటి భూమి బొమ్మ గీసి, "సున్నా డిగ్రీల రేఖాంశం గ్రీనిచ్ గుండా పోతుంది" అని చెప్పినవాణ్ణి నేను. అటువంటివాణ్ణి, మూడు నెలలు గడిచినా ఆ గ్రీనిచ్ మొహం చూడలేదు. "ఎప్పుడైనా వెళ్ళవచ్చులే" అనుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

జులైలో నా బాల్యమిత్రుడు మనవణ్ణి వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. వాడు నాతో అయిదో తరగతి దాకా చదివి, తరవాత తాపీపనిలో ప్రవేశించాడు. మా కాకినాడలో వాడు కట్టిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాడి కొడుకు టిక్కెట్లు కొని, "నాలుగు రోజులు సరదాగా తిరిగి రండి" అని పంపాడు. మనవడు ఎనిమిదో తరగతి. పెట్టె తెరిస్తే సగం కాజాలే!

నా సంతోషానికి మేర లేదు. ఆ రాత్రే నాలుగు రోజులకూ బడి టైంటేబిలు లాగా ఒక పట్టిక రాశాను. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో అన్నీ అందులో ఉన్నాయి. వాళ్ళకేం చూడాలని ఉన్నదో మటుకు నేను అడగలేదు.

మొదటి రోజు గ్రీనిచ్. బస్సు దిగి నది ఒడ్డుకు వెళ్ళాం. అక్కడ కట్టీ సార్క్ అనే తెరచాప ఓడను నిలబెట్టారు. 1869లో కట్టిన ఆ ఓడ చీనా దేశం నుంచి తేయాకు తెచ్చేది. ఓడ పక్కనే ఒక గుండ్రటి గుమ్మటం ఉన్నది. అందులోంచి కిందికి దిగితే థేమ్సు నది అడుగున నడిచిపోయే సొరంగం వస్తుంది. దాన్ని 1902లో తెరిచారు. పొడుగు సుమారు 370 మీటర్లు. లోపల గోడలన్నీ తెల్లటి పెంకులు. మా మేస్త్రీ ఆ గోడను అరచేత్తో నిమురుతూ ఆగిపోయాడు. "ఒరేయ్, నెత్తిన నది పెట్టుకుని ఇన్నేళ్ళు ఎట్లా నిలిచిందిరా ఇది?" అన్నాడు.

"ఆలస్యం అవుతుంది, పద, పద!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నా పట్టికలో సొరంగానికి అయిదు నిమిషాలే ఉన్నాయి మరి!

అక్కడి నుంచి పార్కులో గుట్ట ఎక్కాం. గుట్ట మీద 1675లో రెండో చార్లెస్ రాజు స్థాపించిన నక్షత్రశాల ఉన్నది. సముద్రం మీద ఓడలు తాము ఎక్కడున్నదీ తెలుసుకోవాలంటే నక్షత్రాల లెక్కలు కచ్చితంగా ఉండాలి. అందుకోసం దాన్ని కట్టించారు. దాని కప్పు మీద స్తంభానికి ఒక ఎర్రటి బంతి ఉన్నది. రోజూ 12 గంటల 55 నిమిషాలకు అది సగం దాకా లేస్తుంది, 58కి కొస దాకా పోతుంది, సరిగ్గా ఒంటిగంటకు జారి కిందపడుతుంది. 1833 నుంచీ ఈ ఏర్పాటు ఉన్నది. నదిలోని ఓడలవాళ్ళు దీన్ని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవారు.

మేము చూస్తూ ఉండగానే బంతి పడింది. అదే సమయానికి గేటు పక్క గోడలో ఉన్న పాత గడియారం వంక చూసి మేస్త్రీ, "ఇదేమిట్రా, ఒంటిగంట అయితే ఇది పన్నెండు చూపిస్తున్నది. చెడిపోయిందా?" అన్నాడు.

"చెడిపోలేదు. వేసవిలో ఇంగ్లండులో గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. ఈ గడియారాన్ని మటుకు తిప్పరు. ఇది ఏడాది పొడుగునా గ్రీనిచ్ కాలమే చూపుతుంది. నీ చేతి గడియారం ఎంత?" అన్నాను.

వాడు ఇంటి దగ్గర పెట్టిన టైము మార్చలేదు. "అయిదున్నర" అన్నాడు.

"చూశావా! పన్నెండుకూ అయిదున్నరకూ తేడా అయిదున్నర గంటలు. భూమి 360 డిగ్రీలు తిరగటానికి 24 గంటలు పడుతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశపు కాలాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశాన్నిబట్టి లెక్కిస్తారు. ఎనభై రెండున్నరను నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు. అదే అయిదున్నర గంటలు. ఆ రేఖాంశం మన కాకినాడ దగ్గరిగానే పోతుంది."

వాడు తన గడియారం వంక చూసుకుని, "అయితే మన ఊరు లెక్క ఇక్కడ మొదలైందన్నమాట!" అని మురిసిపోయాడు. నాకు గర్వంగా ఉన్నది. ఆ గర్వమే కాస్సేపటికి నా కొంప ముంచింది.

టిక్కెట్లు కొని లోపలికి వెళ్ళాం. ఆవరణలో నేలకు పొదిగిన లోహపు గీత ఉన్నది. ఏరీ అనే జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1851లో పని ప్రారంభించిన దూరదర్శినికి అనుగుణంగా వేసిన గీత అది. 1884లో 25 దేశాల ప్రతినిధులు వాషింగ్టనులో సమావేశమై, సున్నా డిగ్రీల రేఖాంశంగా దాన్నే ఎంచుకున్నారు. అందరూ గీతకు అటొక కాలూ ఇటొక కాలూ వేసి ఫొటోలు తీసుకుంటున్నారు. కుర్రవాడు కూడా అట్లాగే నిలబడి, ఫోను తీసి చూసి, "తాతగారూ, ఇక్కడ సున్నా రాలేదండీ. అయిదు సెకనులు పడమర అని వస్తున్నది" అన్నాడు.

(డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యో వంతు సెకను. ఇవి గడియారపు సెకనులు కావు, కోణం కొలిచే సెకనులు.)

నాకు సంగతి తెలియదు. "తెలియదు" అని ఉంటే ఎంత బాగుండును! కాని చుట్టూ జనం, ఎదురుగా స్నేహితుడు. "ప్రపంచమంతా ఒప్పుకున్న గీత కంటె నీ ఫోను గొప్పదా? జేబులో పెట్టు!" అని గట్టిగా అన్నాను. కుర్రవాడి మొహం ఇంత చిన్నదయింది. ఆ తరవాత వాడొక్క ప్రశ్న అడగలేదు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మేస్త్రీ నన్నేమీ అనలేదు. మన ఇంట్లో ఉన్న అతిథి మనను ఏమనగలడు? అందుకే నాకు మరీ కష్టంగా తోచింది. నిద్ర పట్టక లేచి, మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని వెతికాను. గంటలో తేలిపోయింది. కుర్రవాడిదే రైటు! ఉపగ్రహాలు లెక్కగట్టే సున్నా రేఖ ఆ లోహపు గీతకు తూర్పున 102 మీటర్ల దూరంలో ఉన్నది. ఎందుకట్లా అయిందో 2015లో శాస్త్రజ్ఞులు వివరంగా తేల్చి రాశారు కూడా.

పొద్దున్నే కాఫీల దగ్గర నా పట్టిక చింపేశాను. "బాబూ, నిన్న నేను చెప్పింది తప్పు. నువ్వు చూసింది ఒప్పు. తెలియక నిన్ను కసిరాను. పద, ఇవాళ సున్నా ఎక్కడున్నదో నువ్వే మాకు చూపించు" అన్నాను. వాడు మా మొహాలు చూసి, ఎగిరి గంతేసి చెప్పులు వేసుకున్నాడు.

ఈసారి టిక్కెట్టుతో పని లేకపోయింది. నక్షత్రశాల గోడకు బయట కూడా గీత గుర్తు ఉన్నది. అక్కడి నుంచి కుర్రవాడు ఫోను చూసుకుంటూ తూర్పుగా నడిచాడు. వెనక మేమిద్దరం ముసలివాళ్ళం. అయిదు, నాలుగు, మూడు... సుమారు 170 అంగలు వేసేసరికి, "వచ్చింది తాతగారూ, సున్నా!" అని అరిచాడు. అక్కడ గీతా లేదు, జనమూ లేదు. పార్కులో వట్టి గడ్డి!

"అయితే ఆ పాత గీత తప్పాండీ?" అన్నాడు.

"తప్పు కాదు. మీ తాతను అడుగుదాం. ఏరా, గోడ నిలువుగా వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?"

"దారానికి గుండు కట్టి వేలాడదీస్తే తెలుస్తుంది" అంటూ మేస్త్రీ జేబులోంచి దారం తీసి, తాళంచెవి కట్టి వేలాడదీశాడు.

"ఏరీ చేసింది కూడా అటువంటిదే. పళ్ళెంలో పాదరసం పోస్తే దాని పైభాగం మట్టంగా నిలుస్తుంది. దాన్నిబట్టి ఆయన నిట్టనిలువు ఏదో నిర్ణయించాడు. కాని భూమి లోపల అన్నిచోట్లా ఒకే బరువు గల రాళ్ళు లేవు. బరువు ఎక్కువ ఉన్నవైపు గుండు వెంట్రుకవాసి మొగ్గుతుంది. పాదరసమూ అంతే. ఉపగ్రహాలు భూమి మొత్తం బరువుకు కేంద్రమైన చోటు చుట్టూ తిరుగుతాయి. వాటి లెక్కకు ఈ స్థానికమైన మొగ్గు అంటదు. తేడా అయిదు సెకనుల పైచిలుకు. ఇక్కడ నేల మీద అది 102 మీటర్లు అయింది. రెండు కొలతలూ సరైనవే, కొలిచిన పద్ధతి వేరు. దీనివల్ల గడియారాలకేమీ తేడా రాలేదు."

మేస్త్రీ కంగారు పడ్డాడు. "నలభై ఏళ్ళు గుండును నమ్మి గోడలు కట్టానే! అవన్నీ వంకరేనా?"

"కాదురా! గుండును లాగే శక్తే నీ గోడనూ లాగుతున్నది. గోడ గుండును అనుసరించి ఉంటేనే పడకుండా నిలుస్తుంది" అంటే వాడు నిట్టూర్చి నవ్వాడు.

పిల్లలూ, ఈ గుండు మొగ్గే సంగతి మన దేశాన్ని కొలిచినప్పుడు కూడా బయటపడిందని మీకు తెలుసా? పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తర భారతంలో కలియానా, కళ్యాణపూర్ అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద ఒకసారీ, నక్షత్రాలనుబట్టి ఒకసారీ లెక్కగట్టారు. అక్కడ కూడా అయిదు సెకనుల పైచిలుకే తేడా వచ్చింది! అంత పెద్ద హిమాలయాలు గుండును తమవైపు లాగటం వల్లనే ఈ తేడా అని ఊహించి, 1850ల్లో దాన్ని లెక్కగట్టి చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు సొరంగంలోకి మళ్ళీ దిగాం. మేస్త్రీ ఒక్కొక్క పెంకూ చూస్తూ అటు చివరికీ ఇటు చివరికీ నడిచాడు. నేను గడియారం చూడలేదు.

పెద్దలకు ఒక్క మాట. చుట్టాలకు మనం ఊరు చూపిస్తున్నామనుకుంటాం. నిజానికి వాళ్ళ కళ్ళతో మన ఊరు మనకు కనబడుతుంది. వాళ్ళకు ఆగాలనిపించిన చోట ఆగండి. వాళ్ళ పిల్లలు ప్రశ్న అడిగితే, తెలియకపోతే తెలియదనండి.

ఇక మీకు ఈ నెల పని. మీ ఊరి రేఖాంశం అట్లాసులోనో, నాన్నగారి ఫోనులోనో చూడండి. ఎనభై రెండున్నరకు ఎన్ని డిగ్రీలు తేడా ఉన్నదో లెక్కించి నాలుగుతో గుణించండి. హైదరాబాదు సుమారు 78 డిగ్రీల 30 నిమిషాలు. తేడా 4 డిగ్రీలు, అంటే 16 నిమిషాలు. కాకినాడ మీదికి సూర్యుడు వచ్చిన సుమారు పావుగంటకు గాని హైదరాబాదు మీదికి రాడన్నమాట. మీ ఊరికి ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. ఈసారి మీ ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళ ఊరికి కూడా లెక్క కట్టించండి. ఎవరి లెక్క తప్పినా కసురుకోవద్దు సుమా!