చింతపండుతో తోమమంటారా?

సంపాదకులకు,

పొలంలో దొరికిన పాత రాగి నాణేన్ని చింతపండుతో తోమి, గ్రేడింగుకు అమెరికా పంపమని మీ వ్యాసకర్త సలహా. రాగి మీది ఆకుపచ్చ పొర వట్టి మురికి కాదండీ. దాన్ని గీకి మెరిపిస్తే గ్రేడింగు వాళ్లు తమ 70 పాయింట్ల కొలతలో అంకె వెయ్యరు, ‘శుభ్రం చేసినది’ అని రాసి తిప్పి పంపుతారు. పైగా వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం. భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు (అవును, పదే) మించితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం. ఆ మాటే వ్యాసంలో లేదు!

నాణెం ఎక్కడ దొరికిందన్నదీ ముఖ్యమే. కోటిలింగాలలో దొరికాయని తెలియబట్టే శాతవాహన రాజు చిముకుడి నాణేలు ఆ వంశం తొలినాళ్ల చర్చను తెలంగాణ వైపు తిప్పాయి. అవే ఊరు చెప్పకుండా బజారుకెక్కి ఉంటే? వచ్చే సంచికలో సవరణ వెయ్యగలరు.

— ఒక పాఠకుడు, కరీంనగర్