ఆలస్యం నేరమా?

అమెరికా కళాశాలల్లో ప్రవేశానికి మార్కులొక్కటే చాలవు. అక్కడి వెయ్యికి పైగా కళాశాలలు అంగీకరించే ‘కామన్ అప్లికేషన్’లో చదువుకు వెలుపలి కార్యక్రమాలను పదింటి వరకు పేర్కొనవచ్చును. ఏ తరగతిలో పాల్గొన్నదీ, వారానికెన్ని గంటలో, ఏడాదికెన్ని వారాలో తెలుపవలెను. వివరణకు 150 అక్షరాలే చోటు.

అక్కడికి దరఖాస్తు చేస్తున్న మన సభ్యుల బిడ్డలు ఇక్కడే జంకుతున్నారు. పదకొండవ తరగతిలో మొదలుపెట్టిన సేవను ఎవరు నమ్ముతారని వారి దిగులు. సంవత్సరాలు వెనుకకు జరిపి వ్రాయమని చెప్పే సలహాదారులూ లేకపోలేదు. ఈ ధోరణిని మేము ఖండిస్తున్నాము.

తీరిక లేకనే ఈ బిడ్డలకు ఆలస్యమైనది. తమ్ముళ్ళను సాకిన సాయంత్రాలు, దుకాణంలో జీతానికి నిలిచిన సెలవులు ఏ లెక్కలోనివి? ఆ దరఖాస్తులోనే కుటుంబ బాధ్యతలకు, వేతనానికి చేసిన పనికి స్థానమున్నది. ముందు వాటిని సగర్వంగా వ్రాయవలెను. ఆలస్యంగా చేపట్టినదానిని ఉన్నదున్నట్లు చెప్పవలెను: స్వయంగా ఏమి చేసినదీ, ఎవరికి ఉపకరించినదీ. దరఖాస్తు పంపిన పిదప కూడ ఆ పని విడువరాదు. నిజమైన ఆసక్తికి అదే నిదర్శనం.

సమ్మెనాడు సంఘంలో చేరినవారిని మేమెన్నడూ చిన్నచూపు చూడలేదు. సమ్మె ముగిసిన తరువాత నిలిచినారా అన్నదే చూచినాము.