నడుస్తున్న సర్వరు కింద ఎఫ్‌ఎస్‌సీకే

"సర్వరు ఆపకుండా ఫైల్‌సిస్టం చెక్ చేసి, తప్పులుంటే రిపేరు చేసెయ్యండి." కాన్ఫరెన్స్ కాల్‌లో ఈ మాట అనే ప్రతి మేనేజరుకీ నాదో విన్నపం. ఆ ఎఫ్‌ఎస్‌సీకే అనేది అసలేం చేస్తుందో ఓ అయిదు నిమిషాలు వినండి మహాప్రభో, ఆ తర్వాత ఆర్డర్లు వేద్దురుగాని.

కిరాణా కొట్టు అనుకుందాం. షావుకారు పొద్దున్నే ఖాతా పుస్తకం చూసుకుని పక్కన పెట్టాడు. అక్కణ్ణుంచీ వచ్చే పోయే సరుకు లెక్కంతా బుర్రలోనే. వీలు చిక్కినప్పుడల్లా కాస్త కాస్త పుస్తకంలోకి ఎక్కిస్తుంటాడు. ఇంతలో ఓ ఆడిటరు దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, షావుకారుతో మాట మాత్రమైనా చెప్పకుండా పుస్తకం తీసి, "ఈ లెక్క తప్పు" అని నాలుగు చోట్ల దిద్దేసి వెళ్ళాడు. సాయంత్రం షావుకారు బుర్రలో ఉన్న లెక్కని ఆ దిద్దిన పేజీల మీదే మళ్ళీ రాశాడు. ఇప్పుడా పుస్తకంలో ఉన్నది షావుకారి లెక్కా కాదు, ఆడిటరు లెక్కా కాదు. మౌంట్ అయి, రాతలు నడుస్తున్న ఫైల్‌సిస్టం మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపటమంటే సరిగ్గా ఇదే. కెర్నెల్ ఐనోడ్లనీ, బ్లాక్ బిట్‌మ్యాపుల్నీ మెమరీలో పెట్టుకుని పనిచేస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే నేరుగా డిస్కు మీద దిద్దుతుంది. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. అందుకే లినక్సులో ఈఎక్స్‌టీ రకం ఫైల్‌సిస్టంల చెకర్ మూడు ఆశ్చర్యార్థకాలూ, నక్షత్రాలూ పెట్టి మరీ "తీవ్రమైన నష్టం జరుగుతుంది" అని అరుస్తుంది. అంత అరిచినా 'ఎస్' కొట్టించిన పెద్దమనుషులున్నారు.

"సరే, దిద్దకుండా చూడ్డం వరకూ చూడండి" అంటారు ఇంకొందరు. చూడొచ్చు. కానీ కింద లెక్కలు కదులుతుంటే లేని తప్పులు కూడా కనిపిస్తాయి. ఆ రిపోర్టు చూసి ఎవరో కంగారు పడటం, ఇంకెవరో "ఓ, అవి ఎప్పుడూ వచ్చేవే" అని తేల్చెయ్యటం. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఇక రెండో జాతి. "జర్నల్ ఉంది కదండీ, చెక్ ఎందుకు?" 2001లో ఈఎక్స్‌టీ3 లినక్స్ కెర్నెల్లోకి వచ్చినప్పట్నుంచీ ఈ పాట నడుస్తోంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన పనిని పూర్తి చెయ్యటమో, వదిలెయ్యటమో చేసేది జర్నల్. అంతవరకే. చెడిపోయిన ర్యామ్, డ్రైవర్లో బగ్, అబద్ధాలాడే రెయిడ్ కంట్రోలర్ రాసిన చెత్తని జర్నల్ పట్టుకోదు. పైగా అంతే బుద్ధిగా డిస్కు మీదకి ఎక్కిస్తుంది. ఒకప్పుడు ఇన్ని మౌంట్లకోసారి, లేదా ఆర్నెల్లకోసారి బూట్ టైములో పూర్తి చెక్ దానంతటదే జరిగేది. జనం "బూట్ అవ్వట్లేదు, ఆఫీసు టైమైపోతోంది" అని తిట్టుకుని తిట్టుకుని, చివరికి 2011లో కొత్తగా చేసే ఫైల్‌సిస్టంలకి దాన్ని మామూలుగా ఆపేశారు. ఆపిన కారణం నాకు అర్థమౌతుంది. దాని స్థానంలో మనం ఏమీ పెట్టకపోవటమే అర్థం కాదు.

ఈఎక్స్‌టీ4కి ఓ మంచి అలవాటుంది. ఎప్పుడైనా తప్పు తగిలితే సూపర్‌బ్లాకులో రాసుకుని, రోజుకోసారి "కిందటి చెక్ తర్వాత ఇన్ని తప్పులు" అని కెర్నెల్ లాగులో చెప్తుంది. ఒక ప్రాజెక్టులో (పేరు అనవసరం) ఆ లైను వారాల తరబడి వచ్చింది. ఆపరేషన్స్‌లో ఉన్న కుర్రాడు మూడుసార్లు రెండు గంటల డౌన్‌టైమ్ అడిగాడు. మూడుసార్లూ "బిజినెస్ ఒప్పుకోదు" అని తిరక్కొట్టారు. ఓ శుక్రవారం రాత్రి ఫైల్‌సిస్టం రీడ్‌ఓన్లీ అయిపోయింది. డౌన్‌టైమ్ రెండు గంటలతో పోలేదు, శనాదివారాలు రెండూ తినేసింది. లాస్ట్ అండ్ ఫౌండ్ డైరెక్టరీలో పేర్లు లేని, నంబర్లు మాత్రమే ఉన్న ఫైళ్ళు కుప్పలు. ఏ ఫైలు ఎవరిదో తెరిచి చూసి కనుక్కోవాలి. సోమవారం మీటింగులో అడిగిన మొదటి ప్రశ్న: "మానిటరింగ్ ఎవరు చూస్తున్నారు?" ఆ మూడు రిక్వెస్టుల్ని తిరక్కొట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. నా ఒళ్ళు మండేది ఇక్కడే.

మరి ఆపకుండా చెయ్యటం అసలు కుదరదా అంటే, తెలివైనవాళ్ళు ఇరవయ్యేళ్ళకు పైగా తన్నుకులాడుతున్నారు. 2003లో ఫ్రీబీఎస్‌డీ 5.0తో మెక్‌క్యూసిక్ బ్యాక్‌గ్రౌండ్ ఎఫ్‌ఎస్‌సీకే తెచ్చారు. స్నాప్‌షాట్ తీసి, దాన్ని చెక్ చేసి, దొరికినవి సరిచేస్తుంది. అయితే సాఫ్ట్ అప్‌డేట్స్ పద్ధతి వల్ల క్రాష్ తర్వాత మిగిలే తప్పులు (ఎవరికీ చెందని బ్లాకులు, ఐనోడ్లు) వరకే. నిజంగా చెడితే పాత దారే. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఎఫ్‌ఎస్‌సీకే లేనే లేదు, స్క్రబ్ ఉంది. ప్రతి బ్లాకు చెక్‌సమ్ చూసి, తేడా వస్తే రెండో కాపీ నుంచి బాగుచేస్తుంది. చాలా గొప్ప పని, కాదనను. కానీ తప్పుడు లెక్కని సరైన చెక్‌సమ్‌తో రాస్తే స్క్రబ్‌కి అంతా బావున్నట్టే. దొంగ దస్తావేజు మీద అసలు స్టాంపు ఉన్నట్టు. స్క్రబ్‌నీ రిపేరునీ ఒకే గాటన కట్టి ప్రెజెంటేషన్లు ఇచ్చే వెండర్లని చూస్తే నవ్వొస్తుంది :)

విండోస్ వాళ్ళని వెక్కిరించటం మనకి అలవాటే గానీ, 2012లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి చేసింది నిజాయితీగల ఒప్పందం. వాల్యూమ్ నడుస్తుండగానే వెతుకుతుంది, కుదిరినవి అక్కడే సరిచేస్తుంది, మిగతావి రాసిపెట్టుకుని కాసేపు ఆఫ్‌లైన్ అడుగుతుంది. ఆగే సమయం ఫైళ్ళ సంఖ్యని బట్టి కాదు, తప్పుల సంఖ్యని బట్టి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ది మరీ ముచ్చటైన కథ. మన ఊళ్ళో భూమి లెక్క రెండు చోట్ల ఉంటుంది కదా. 1-బీలో ఫలానా ఆసామికి ఏయే సర్వే నంబర్లున్నాయో, అడంగల్‌లో ఫలానా సర్వే నంబరు ఎవరిదో. ఒకటి పాడైతే రెండోదాన్నుంచి రాసుకోవచ్చు, రెండూ పోల్చి దొంగని పట్టుకోవచ్చు. ఫైల్‌సిస్టంలో మామూలుగా 1-బీ ఒక్కటే: ఈ ఫైలుకి ఈ బ్లాకులు. 2016లో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి అడంగల్ కూడా చేరింది, రివర్స్ మ్యాపింగ్ అని. దాన్ని ఆధారం చేసుకునే మౌంట్ అయి ఉండగా రిపేరు చేసే కోడు ఏళ్ళ తరబడి రాసి, రివ్యూలు తట్టుకుని, 2024లో 6.10 కెర్నెల్ నాటికి ఓ రూపానికొచ్చింది. ఇక్కడ దిద్దేది కెర్నెలే, షావుకారే స్వయంగా. అందుకే అది కుదిరింది. కానీ ఆ రెండో రిజిస్టరు లేకుండా ఫార్మాట్ చేసిన పాత డిస్కులు మన డేటాసెంటర్లలో కోకొల్లలు. వాటికి ఈ వైభోగం లేదు. అసలు మౌంటే అవ్వని ఫైల్‌సిస్టంకి ఎలాగూ లేదు.

ఈఎక్స్‌టీ4 వాడేవాళ్ళం ఏం చెయ్యాలి? ఎల్‌వీఎం మీద ఉంటే 2019 నుంచి ఈ2స్క్రబ్ ఉంది. స్నాప్‌షాట్ తీసి దాన్ని పూర్తిగా చెక్ చేస్తుంది. తప్పుంటే, వచ్చే బూట్‌లో అసలుదాన్ని చెక్ చెయ్యమని గుర్తు పెడుతుంది. రిపేరు మాత్రం ఆపాకే. దీనికి వాల్యూమ్ గ్రూపులో మామూలుగా 256 ఎంబీ ఖాళీ ఉంటే చాలు. మనవాళ్ళు ఇన్‌స్టాల్ చేసిన రోజే వంద శాతం డిస్కు రూట్‌కి ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు, ఆ 256 ఎంబీ కూడా మిగల్చరు.

చాలా ఎస్‌ఎల్‌ఏల్లో ముందే చెప్పి తీసుకున్న మెయింటెనెన్స్ విండో డౌన్‌టైమ్ కింద లెక్కకే రాదు. అంటే ఒప్పందంలోనే ఇచ్చినదాన్ని మనం అడగటం మానేశాం. అడిగిన కుర్రాణ్ణి పనిలేనివాడిలా చూస్తున్నాం. డౌన్‌టైమ్ ఇవ్వనన్నవాళ్ళు ఆ మాట టికెట్లో తమ పేరుతో రాయాలి, రిస్కు మాది అని. రాయమనండి, ఆ మర్నాడే విండో దొరుకుతుంది.

మీ సర్వర్లలో ఒకదాని మీద ట్యూన్2ఎఫ్‌ఎస్ నడిపి, ఆఖరుసారి ఎప్పుడు చెక్ అయిందో ఆ లైను చూడండి. చాలావాటిలో అక్కడ ఫార్మాట్ చేసిన రోజు తేదీయే ఉంటుంది.