కారులో హ్యామ్ రేడియో: వాట్లు చూసి మోసపోవద్దు!

ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేకుండా రెండు రోజులు ఉండగలరా? సరదాకి అడగట్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఊరు మొత్తానికి అదే పరిస్థితి. కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు. చేతిలో ఖరీదైన ఫోన్లున్నవాళ్ళు కూడా పక్క వీధిలో ఉన్న అమ్మానాన్నల క్షేమం తెలుసుకోవడానికి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు అధికారులకు సాయపడినవాళ్ళలో సొంత సెట్లు పట్టుకెళ్ళిన హ్యామ్ రేడియో ఆపరేటర్లు ఉన్నారు.

అంతకు పదేళ్ళ ముందు సంగతి ఇంకా పెద్దది. మన హైదరాబాద్‌లో 1983 నుంచి నడుస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్ళింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటం వాళ్ళ పని. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. సరదాగా మొదలైన ఆ స్టేషనే దీవులకీ బయటి ప్రపంచానికీ మధ్య వార్తలు మోసింది.

ఇలాంటివి విన్నాక చాలామంది కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, కారులో పెట్టుకోవడానికి ఏ సెట్టు కొనాలి?" ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు.

ముందు లైసెన్సు, తర్వాతే సెట్టు

హ్యామ్ రేడియోకి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం లైసెన్సు ఇస్తుంది. చిన్న పరీక్ష ఉంటుంది. 12 ఏళ్ళు నిండితే చాలు, రాయొచ్చు. రెండు గ్రేడ్లు ఉన్నాయి. జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ రావాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్ళకి ఇదేం కొండ కాదు.

"ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, లైసెన్సు ఎందుకు?" అంటారు కొందరు. దొరికినంత మాత్రాన వాడొచ్చని కాదు. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. పైగా మీరు తెలియక నొక్కిన ఫ్రీక్వెన్సీలో ఏ అంబులెన్సు వాళ్ళో, పోలీసు వాళ్ళో మాట్లాడుకుంటూ ఉండొచ్చు. మన దేశంలో కారు సెట్లకి పనికొచ్చే హ్యామ్ బ్యాండ్లు ముఖ్యంగా రెండు: 144–146 మెగాహెర్ట్జ్, 434–438 మెగాహెర్ట్జ్. విదేశాల కోసం తయారైన సెట్టు అంతకంటే చాలా ఎక్కువ పరిధిలో ట్రాన్స్‌మిట్ చేయగలదు. సెట్టుకి చేతనైనదంతా మీకు అనుమతి ఉన్నట్టు కాదు, గుర్తుంచుకోండి.

5 వాట్లా, 50 వాట్లా?

అందరూ తడబడేది ఇక్కడే. చేతిలో పట్టుకునే సెట్టు 5 వాట్లు ఇస్తుంది. కారు సెట్లలో చిన్నవి 20–25 వాట్లు, పెద్దవి 50 నుంచి 65 వాట్ల దాకా ఇస్తాయి. పదింతలు పవర్ అంటే పదింతలు దూరం అనుకుంటాం. కానీ లెక్క అలా ఉండదు. పవర్ పదింతలైతే అవతలివాళ్ళ మీటర్ మీద ముల్లు రెండు గీతలు కూడా పూర్తిగా కదలదు.

ఎందుకంటే ఈ బ్యాండ్లలో తరంగం దాదాపు తిన్నగా పోతుంది. దూరాన్ని తేల్చేది ఎత్తు. ఎత్తుని మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో రేడియో క్షితిజం వస్తుంది. నేలకి 1.5 మీటర్ల ఎత్తున యాంటెనా ఉన్న రెండు కార్ల మధ్య ఇది సుమారు 10 కిలోమీటర్లు. అదీ మైదానంలో. అదే ఒక వైపు 100 మీటర్ల ఎత్తున రిపీటర్ ఉంటే 46 కిలోమీటర్లు దాటుతుంది. రిపీటర్ అంటే మన మాట విని, అదే సమయంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి చెప్పే స్టేషన్.

మా రాంగోపాల్‌పేట్‌నే తీసుకోండి. ఆర్పీ రోడ్డు వెనక గల్లీల్లో రెండు పక్కలా బిల్డింగులు. అక్కడ కారు ఆపి మాట్లాడితే గరగరలు. అదే బండిని ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్తే, పవర్ తగ్గించినా మాట స్పష్టంగా వెళ్తుంది. మధ్య దూరం కొద్ది నిమిషాల ప్రయాణం. సెట్టు అదే, యాంటెనా అదే. మారింది చుట్టూ ఉన్న జాగా ఒక్కటే.

అంటే ఎక్కువ వాట్లు దండగా? కాదు. కదిలే కారులో సిగ్నల్ లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ పడే క్షణాల్లో 50 వాట్లు మాట తెగిపోకుండా కాపాడతాయి. కాకపోతే 25 వాట్ల సెట్టు కొని, మిగిలిన డబ్బు మంచి యాంటెనా మీద పెట్టినవాళ్ళు నష్టపోరు. ఏ సెట్టయినా మీ లైసెన్సులో రాసిన పవర్ పరిమితి దాటకూడదు.

యాంటెనా: కారు పైకప్పు కూడా అందులో భాగమే

145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 2 మీటర్లకి కాస్త ఎక్కువ. దాంట్లో నాలుగో వంతు, అంటే అర మీటరు కడ్డీ చాలు. కానీ ఆ కడ్డీ ఒక్కటే యాంటెనా కాదు. కింద ఉన్న ఇనుప రేకు కూడా సగం పని చేస్తుంది. అందుకే పైకప్పు మధ్యలో పెడితే అన్ని వైపులా సమానంగా వెళ్తుంది. బంపర్ మీద, డిక్కీ అంచున పెడితే ఒక వైపు బలం, ఇంకో వైపు నీరసం.

ఇప్పుడొచ్చే కార్లలో పెద్ద చిక్కు సన్‌రూఫ్. అయస్కాంతం అద్దానికి అంటుకోదు! పనోరమిక్ సన్‌రూఫ్ ఉన్నవాళ్ళు వెనక మిగిలిన రేకు మీదో, డిక్కీ తలుపుకి బిగించే మౌంట్ మీదో ఆధారపడాలి. కారు కొనేటప్పుడే హ్యామ్ ఆలోచన ఉంటే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని షోరూమ్‌కి వెళ్ళండి. సేల్స్ వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌తో కొలవాలి. రీడింగ్ 1.5 లోపు ఉంటే హాయి. 3 దాటితే పవర్‌లో నాలుగో వంతు వెనక్కి తిరిగొస్తుంది. సెట్టుకి ప్రమాదం.

కరెంటు ఎక్కడి నుంచి?

50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 11–13 ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ చాలా కార్లలో 10 నుంచి 15 ఆంపియర్ల మధ్య ఉంటుంది. అంటే అంచు మీద నడక. నేను వైరింగ్ చేయించడానికి రాణిగంజ్‌లో ఆటో స్పేర్ పార్టుల దుకాణాల దగ్గరికి వెళ్తే, అక్కడి ఎలక్ట్రీషియన్ "సాకెట్ల పెట్టెయ్ తమ్మీ, ఏం గాదు" అన్నాడు. "లేదన్నా, బ్యాటరీ కాడి నుంచే గుంజుదాం" అన్నాను. లావు వైరు, బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు, ఇంజిన్ గోడలోంచి వచ్చేచోట రబ్బరు గ్రోమెట్. అన్నీ బిగించాక అడిగాడు, "ఇది పోలీసోళ్ళ సెట్టా?" అని. లైసెన్సు చూపించాను. దాన్ని రెండుసార్లు చదివి, "మా పిలగాడు కూడా రాయొచ్చా?" అన్నాడు. ఆ రోజు వైరింగ్ కంటే ఆ ప్రశ్నే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక వరద రాత్రి లెక్క చూద్దాం. ఇంజిన్ ఆపేశారు, బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. మళ్ళీ స్టార్ట్ కావాలి కాబట్టి సగమే వాడతారనుకుందాం: 17.5. వినేటప్పుడు దాదాపు 1 ఆంపియర్, మాట్లాడేటప్పుడు 11 అనుకోండి. గంటలో 6 నిమిషాలు మాట్లాడితే సగటున 2 ఆంపియర్లు. దాదాపు 9 గంటలొస్తుంది. అదే 5 వాట్ల లో పవర్‌లో మాట్లాడేటప్పుడు 4 ఆంపియర్లే లాగితే 13 గంటలు దాటుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద ఉన్నవాళ్ళ ఫోన్లు ఛార్జింగ్ లేక ఆగిపోయిన సంగతి గుర్తుంది కదా. అలాంటి చోట ఆ నాలుగు గంటలు చిన్నవి కావు. అందుకే సెట్టు కొనేటప్పుడు లో పవర్ బటన్ ఎంత సులువుగా దొరుకుతుందో చూడండి. మెనూలో ఐదు మెట్లు దిగాల్సి వస్తే వద్దు.

బైకు మీద తిరిగేవాళ్ళకి ఒక మాట. బండి బ్యాటరీ చాలా చిన్నది, 50 వాట్ల సెట్టుని మోయలేదు. మీకు చేతి సెట్టే సరి.

సెట్లలో ఏం చూడాలి?

ఒక్క 144 బ్యాండ్ చాలనుకుంటే ఐకామ్ ఐసీ-2300హెచ్ లాంటి మొండిఘటం ఉంది, 65 వాట్లు. రెండు బ్యాండ్లూ కావాలంటే ఐకామ్ ఐసీ-2730, రెండిట్లోనూ 50 వాట్లు. ఒకేసారి రెండు ఫ్రీక్వెన్సీలు వినొచ్చు. తక్కువ బడ్జెట్‌లో క్యూవైటీ కేటీ-8900 లాంటి చైనా బుల్లి సెట్లు, 20–25 వాట్లు. చవకవాటితో ఇబ్బంది ఊరి మధ్యలో తెలుస్తుంది. చుట్టూ ఉన్న బలమైన సిగ్నళ్ళకి వాటి రిసీవర్ ఉక్కిరిబిక్కిరై, అసలు మాట వినపడదు. సికింద్రాబాద్ లాంటి చోట దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

డిజిటల్ ఉన్నవి తీసుకోవాలా? ఐకామ్‌ది డీ-స్టార్, యేసుది సీ4ఎఫ్ఎం, ఇంకా డీఎంఆర్. ఒకదానితో ఇంకోటి నేరుగా మాట్లాడవు, వాట్సాప్‌లోంచి టెలిగ్రామ్‌కి మెసేజ్ వెళ్ళనట్టే. మీ చుట్టుపక్కల హ్యామ్‌లు ఏది వాడుతున్నారో కనుక్కోకుండా దీని మీద డబ్బు పెట్టొద్దు. ఆపదలో అందరికీ వినిపించేది మామూలు ఎఫ్ఎమ్మే. రిపీటర్ తెరవడానికి సీటీసీఎస్ఎస్ టోన్ పంపే వీలు మాత్రం తప్పక ఉండాలి.

నా ఓటు ముందు ప్యానెల్ విడిగా ఉండే సెట్టుకి. అసలు డబ్బా సీటు కింద గాలి ఆడేచోట ఉంటుంది. ప్యానెల్ ఒక్కటే డాష్‌బోర్డ్ మీద, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డం రాకుండా. మాలాగా రోడ్డు మీద బండి పార్కు చేసేవాళ్ళు రాత్రి ప్యానెల్ పీకి ఇంట్లోకి తెచ్చేసుకోవచ్చు. మే నెల ఎండలో కారు లోపల ఉడికిపోయే బాధ కూడా స్క్రీన్‌కి తప్పుతుంది.

డ్రైవ్ చేస్తూ మైకు పట్టుకోవద్దు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, డ్రైవ్ చేస్తూ చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడితే ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. వింటూ వెళ్ళండి, మాట్లాడాలంటే పక్కకి ఆపండి.

ఇంకా లైసెన్సు రాలేదా? అయితే 145.800 మెగాహెర్ట్జ్ గుర్తుపెట్టుకోండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు హ్యామ్ రేడియోలో మాట్లాడేది ఇక్కడే. 2025 జులైలో శుభాంశు శుక్లా మన దేశంలోని పిల్లలతో అక్కడి నుంచి హ్యామ్ రేడియోలోనే మాట్లాడారు. హ్యామ్ మిత్రులెవరైనా ఉంటే, ఆ కేంద్రం మన మీదుగా వెళ్ళే వేళ చూసుకుని ఒక రాత్రి వాళ్ళ కారులో కూర్చుని వినండి. తర్వాత సోమాజిగూడ వైపు వెళ్ళినప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్‌లోకి తొంగిచూసి పరీక్ష ఎప్పుడో కనుక్కోండి. సెట్టు సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

వచ్చే వారం: మిద్దె మీద సొంతంగా యాంటెనా కట్టుకోవడం ఎలా?